రాగిరేకు కింద మసి

"మా బావని చంపాలనుకుంటే కరెంటుతో ఎందుకు చంపుతానండీ? నా పనికి చెడ్డపేరు రాదూ?"

ఆ మాటకు ఇన్‌స్పెక్టర్ కుర్చీలోంచి సగం లేచాడు. పక్కన కూర్చున్న డిటెక్టివ్ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

లాకప్ పక్కనున్న ఇరుకు గదిలో ముగ్గురే ఉన్నారు. బల్లకు అవతల కూర్చున్నవాడు వ్యాన్లను ఇళ్లుగా మార్చే వర్క్‌షాపులో కరెంటు పని చేస్తాడు. ఇట్టే కోపం వచ్చి ఇట్టే చల్లారిపోతాడు కాబట్టి అక్కడందరూ అతన్ని ఫ్యూజు అనే పిలుస్తారు. డిటెక్టివ్ అగ్నిమాపక శాఖలో ఇరవై ఏళ్లు మంటల వెంట తిరిగి, ఆ ఉద్యోగం మానేసి సొంతంగా పరిశోధన పెట్టుకున్న మనిషి. ఇన్‌స్పెక్టర్ ఆమెకు స్వయానా మరిది, పోయిన భర్తకు తమ్ముడు. ఇంట్లో వదినామరుదులు తల్లీబిడ్డల్లా ఉంటారు. కేసు మధ్యలోకి వస్తే మాత్రం ఉప్పూ నిప్పూ.

ఈ కేసులో ఇన్‌స్పెక్టర్ లెక్క సూటిగా ఉంది. మంగళవారం మధ్యాహ్నం వర్క్‌షాపు వెనక ఖాళీస్థలంలో ఒక కొత్త ఇంటివ్యాను తగలబడింది. లోపల మంచం మీద ఒక శవం. మొహం ఆనవాలు లేదు. చేతి గడియారం, ఉంగరం చూసి భార్య గుర్తుపట్టింది. పోయినవాడు ఫ్యూజుకు బావ. ఆ వ్యానుకు వైరింగ్ చేసినవాడు ఫ్యూజు. ముందురోజే ఇద్దరూ పదిమంది ముందు అరుచుకున్నారు. బ్యాటరీల పెట్టెలో ఫ్యూజు ఉండాల్సిన చోట రాగిరేకు ముక్క బిగించి ఉంది. ఇక కావాల్సిందేముంది? అరెస్టు బుధవారం రాత్రి కాగితం మీదికి ఎక్కింది, ఇవాళ గురువారం సాయంత్రం ఐదింటికి కోర్టులో నిలబెట్టడమే.

పోయినవాడి భార్య అంటే నిందితుడి సొంత అక్క. ఆమె పొద్దున్నే డిటెక్టివ్ గుమ్మంలోకి వచ్చి కూర్చోకుండానే చెప్పింది. "మా ఆయన్ని చంపింది మా తమ్ముడే అయితే ఆ మాట మీ నోటితో చెప్పండి మేడమ్. కాకపోతే అదీ మీరే చెప్పండి. ఎవరికోసం ఏడవాలో తెలియకుండా ఉంది నాకు."

ఆ మాటే డిటెక్టివ్‌ను ఈ గదిలోకి తెచ్చింది.

"నువ్వు నోరు ఎంత తగ్గిస్తే మీ అక్క కన్నీళ్లు అంత తగ్గుతాయి," అంది ఆమె. ఫ్యూజు తల దించుకున్నాడు. "ఇప్పుడు చెప్పు. వ్యానులో బ్యాటరీలు ఎలా కలిపావు?"

"లిథియంవి నాలుగండి. ప్లస్సులన్నీ ఒక రాగిపట్టీకి, మైనస్సులన్నీ ఇంకో పట్టీకి. నాలుగింటి తీగలూ ఒకే పొడుగు. ఒకటి పొట్టిగా పెట్టామా, బరువంతా ఆ బ్యాటరీయే మోస్తుంది, తక్కినవి కూర్చుని తింటాయి. ఉమ్మడి కుటుంబం లాగా."

"ఫ్యూజు?"

"ప్లస్ పట్టీ నుంచి ఇన్వర్టర్‌కు లావు తీగ పోతుంది కదా, దాని మొదట్లోనే, జానెడు దూరంలో. లోపల ఇసక నింపిన ఫ్యూజు."

"ఇసక ఎందుకయ్యా?" ఇన్‌స్పెక్టర్ వెటకారంగా అడిగాడు. "ఇల్లు కడుతున్నావా?"

"లిథియం షార్టయిందంటే కరెంటు ఆనకట్ట తెగినట్టు వస్తుందండి. మామూలు ఫ్యూజు తెగినా ఆ సందులో నిప్పు దూకుతూనే ఉంటుంది. ఇసకైతే కరిగి గాజైపోయి సందు పూడ్చేస్తుంది. అది మానేసి రాగిరేకు పెట్టేవాణ్ణి కరెంటు మనిషి అనరు, హంతకుడంటారు."

"మేమూ అదే అంటున్నాం."

ఫ్యూజు పళ్లు కొరికాడు. డిటెక్టివ్ మధ్యలో దూరింది. "మీ బావతో గొడవ దేనికి?"

"ఏసీ, వేడినీళ్ల హీటరు, స్టవ్వు అన్నీ ఒకేసారి వేస్తే ఫ్యూజు పోదా, ఇంకా పెద్దది పెట్టు అన్నాడు. ఫ్యూజు కాపాడేది తీగని బావా, తీగ ఎంత మోస్తుందో అంతవరకే పెట్టాలి అన్నాను. నువ్వెంత, నీ బతుకెంత అన్నాడు. అప్పుడన్నాను. నీ బండి నువ్వే తగలెట్టుకో అన్నాను. అన్నానండి. కాదనను."

"నువ్వు పెట్టె మూత బిగించేటప్పుడు పక్కన ఎవరున్నారు?"

"బావ ఒక్కడే. పీట వేసుకుని కూర్చుని మొదట్నుంచీ చూశాడు. ఇదెందుకు, అదెందుకు, ఇది తీసేస్తే ఏమవుతుంది... ఒకటే ప్రశ్నలు. లోపల ఏది ఎక్కడుందో నాకూ ఆయనకీ తప్ప ఇంకో పురుగుకు తెలీదు."

"నిన్ను పట్టుకున్నది ఎప్పుడు?"

"మంగళవారం చీకటి పడకముందే. అప్పట్నుంచి ఈ గోడలే."

డిటెక్టివ్ లేచింది. "మరిదిగారూ, బండి చూపించండి."

'మరిదిగారూ' అన్నప్పుడల్లా ఏదో మూడుతుందని ఇన్‌స్పెక్టర్‌కు అనుభవం. గొణుక్కుంటూనే టోపీ తీసుకున్నాడు.

*

కాలిన వ్యాను స్టేషన్ వెనక రేకుల షెడ్డులో ఉంది. కాపలా ఉన్న కానిస్టేబుల్ బొజ్జ ఉన్న మనిషి, ఆవలింత మింగి సెల్యూట్ కొట్టాడు. తలుపు తియ్యగానే కాలిన ప్లాస్టిక్ వాసన గొంతులో దిగింది.

డిటెక్టివ్ వెంటనే బ్యాటరీల వైపు పోలేదు. ముందు వ్యాను మొత్తం ఒక చుట్టు చూసింది. వెనకవైపున్న మంచం పూర్తిగా పోయింది, ఇనుపచట్రం వంగి నేలకు అంటుకుంది. దాని కింద చెక్కనేల బొగ్గై చిల్లు పడింది. బ్యాటరీల పెట్టె ఉన్నది అక్కడ కాదు, ముందు పక్క, తలుపు దగ్గర. పెట్టె పైన గోడకు చిన్న అలమర. ఆమె దాని తలుపు లాగింది. లోపల ప్లాస్టిక్ గ్లాసులు వరసగా ఉన్నాయి, మసి పట్టి కాస్త వంగాయి, అంతే.

"మంట ఎటు పోతుంది?" అంది.

"పైకి. చిన్నపిల్లాణ్ణి అడిగినట్టు అడుగుతారేంటి వదినా?"

"పెట్టెలో పుట్టిన మంట పైనున్న గ్లాసుల్ని వదిలేసి, అంత దూరం నడిచి మంచం ఎక్కిందా?"

"తీగ వెంట పోయి ఉంటుంది. ఇన్వర్టరు మంచం కిందే ఉంది."

"సరే. తీగనే అడుగుదాం."

ఆమె బొటనవేలంత లావున్న ఎర్ర తీగను పెట్టె బయట ఒకచోట కత్తితో చీల్చింది. పైతొడుగు పెళుసుగా రాలింది. లోపలి పొర, రాగిని అంటుకుని ఉన్నది, ఇంకా మెత్తగా, ఎర్రగానే ఉంది. రాగిపోగులు వెంట్రుకల్లా విడివిడిగా మెరిశాయి.

"కరెంటు ఎక్కువై తీగ కాలితే లోపల్నుంచి కాలుతుంది. రాగి ముందు కాగుతుంది, తొడుగు తర్వాత. ఇక్కడ పైన మాడి లోపల పచ్చిగా ఉంది. బయట మంట దీన్ని కాల్చింది. ఇది మంట పెట్టలేదు."

ఇన్‌స్పెక్టర్ ఆ తీగ వైపు చూడకుండా పెట్టె దగ్గరికి నడిచాడు. మంగళవారం మంట ఆర్పినవాళ్లు తాళం విరగ్గొట్టిన ఇనుపపెట్టె అది. మూత ఎత్తాడు. నాలుగు బ్యాటరీలు మసి కప్పుకుని కూర్చున్నాయి. "ఇదిగో మీ కథకు సమాధానం. రాగిరేకు. తీసి మీ చేతిలో పెడతాను, ఇంటికి పట్టుకెళ్లి చూసుకోండి." షెడ్డు గోడకు వేలాడుతున్న స్పానర్ అందుకుని లోపలికి వంగాడు.

"ముట్టుకోకు!"

ఆమె అతని మణికట్టును రెండు చేతులా పట్టుకుంది. స్పానర్ కొన పెట్టె అంచుకు వేలెడు దూరంలో ఆగింది.

"ఏంటి వదినా, అందరి ముందూ..."

"కదలకు. మెల్లగా చెయ్యి వెనక్కి తియ్యి." అతను తీశాడు. అప్పుడు ఆమె సంచిలోంచి మీటరు తీసి దాని రెండు పుల్లలూ ఒక బ్యాటరీకి ఆనించింది. తర్వాత రెండోదానికి. నాలుగింటి మీదా ఒకటే అంకె పలికింది. "పదమూడు వోల్టుల పైన. నాలుగూ నిండుగా ఉన్నాయి. మైనస్ ఈ ఇనుపపెట్టెకు కలిసి ఉంది. నీ స్పానర్ ఒక కొన రేకు మీద, ఇంకో కొన పెట్టె మీద పడి ఉంటే మధ్యలో ఆపడానికి ఫ్యూజు లేదు. స్పానర్ నీ చేతిలోనే కరిగి ఉండేది."

కానిస్టేబుల్ రెండడుగులు వెనక్కి వేశాడు. ఇన్‌స్పెక్టర్ నుదుటి మీద చెమట పట్టింది. అయినా మాట తగ్గలేదు. "చూశారా? రేకు ఎంత ప్రమాదమో మీరే చెప్పారు. ఆ ప్రమాదమే మంగళవారం జరిగింది."

"జరిగితే ఇవి నిండుగా ఎందుకున్నాయి? ఫ్యూజు లేకుండా షార్టయితే నాలుగూ తమలో ఉన్నదంతా కక్కేసి ఉండాలి. తీగ ముద్దయి ఉండాలి."

ఆమె స్పానర్ పిడికి టేపు దట్టంగా చుట్టింది. ముందు మైనస్ తీగ విప్పి పక్కకు వంచి గుడ్డ కప్పింది. ఆ తర్వాతే రాగిరేకు బోల్టుల జోలికి వెళ్లింది. రెండు నట్లూ తిప్పింది. రేకు ఊడి వచ్చింది. దాన్ని చేతి గుడ్డ మీద పెట్టుకుని వెలుతురులోకి తెచ్చింది.

"ఇప్పుడు నువ్వే చూడు. రేకు కూర్చున్న చోట ఏముంది?"

ఇన్‌స్పెక్టర్ వంగి చూశాడు. "మసి."

"రేకు కింద మసి ఎలా వచ్చింది?"

అతను ఇంకా దగ్గరగా వంగాడు.

"పీట మీద దుమ్ము పడుతుంది. పీట కింద పడదు. మంట వచ్చేనాటికి ఈ రేకు ఇక్కడుంటే దీని కిందున్న ఇత్తడి దిమ్మెలు మొత్తం తళతళలాడాలి. ఏదో సన్నటిది ఆనిన చోటే మెరుస్తోంది, తక్కినదంతా మసి. ఇక్కడ మసి ముందు పడింది, రేకు తర్వాత వచ్చింది. ఈ బోల్టు మరలు చూడు. నట్టు దిగిన దారిలో మసి గీసుకుపోయి లోహం మెరుస్తోంది. రేకు చూడు, నిన్న అంగట్లో కోసినట్టుంది." ఆమె గొంతు పెంచలేదు. "దీన్ని కాలిన బండిలో బిగించారు. మంట ఆరిపోయాక. మీ తాళం పడ్డాక."

"ఎందుకు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్, ఈసారి వెటకారం లేకుండా.

"అప్పటిదాకా ఇక్కడ నిజమైన ఫ్యూజు ఉంది కాబట్టి. అది మన చేతికి చిక్కితే కరెంటు పని సరిగ్గానే చేశారని ఒక్క నిమిషంలో తేలిపోయేది. అప్పుడు అందరూ మంచం వైపు చూస్తారు. మంచం దగ్గర నిప్పు ఎవరు పెట్టారని అడుగుతారు. ఆ ప్రశ్న రాకూడదు. మంటకు ముందు పెట్టెకు తాళం ఉంది కాబట్టి అప్పుడు మార్చలేకపోయారు. అందుకని ఫ్యూజు మాయమైంది, రేకు వచ్చింది, మా ఫ్యూజుగాడు లాకప్‌లో ఉన్నాడు."

"మీ ఫ్యూజుగాడా? అప్పుడే బంధుత్వం కలిసిందా?" అతని మొహం కందిపోయింది. "అంటే నా స్టేషన్లో నా మనుషులే దొంగసాక్ష్యం పెట్టారంటారా? అన్నయ్య ఉంటే ఈ మాట అనేవారా మీరు?"

"మీ అన్నయ్య ఉంటే నీకంటే ముందు మసి చూసేవాడు. కోపం తర్వాత తెచ్చుకో. ఈ రేకు మీ కంట్లో మొదట ఎప్పుడు పడింది?"

ఇన్‌స్పెక్టర్ ఒక్క క్షణం బిగుసుకుని, తర్వాత చెప్పాడు. "బుధవారం మధ్యాహ్నం. మంగళవారం మంట ఆర్పాక మూత లేపారుగానీ లోపల ఏదీ పోల్చుకునేట్టు లేదు. తెచ్చి ఇక్కడ పెట్టి తాళం వేశాం."

"ఈ రెండింటి మధ్యలో లోపలికి ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదు."

కానిస్టేబుల్ దగ్గాడు. ఇద్దరూ అటు తిరిగారు. దగ్గు అనవసరంగా వచ్చిందని అతని మొహం చెబుతోంది.

"చెప్పు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"బుధవారం పొద్దున ఒకాయన వచ్చాడు సార్. బ్యాటరీ కంపెనీ ఇంజనీరునన్నాడు. మెడలో కార్డుంది. లిథియం కదా, ఎప్పుడైనా మళ్లీ అంటుకోవచ్చు, స్టేషన్ మొత్తం పోతుంది, నేను సరిచేసి వెళతానన్నాడు. భయమేసి తలుపు తీశాను సార్. మీకు చెబుదామనుకున్నా, మీరు కోర్టులో ఉన్నారు."

"నాకు సాయంత్రం కూడా చెప్పలేదే?"

"మీరు రేకు దొరికిందని సంతోషంగా ఉన్నారు సార్. పాడుచెయ్యడం ఎందుకని..."

ఇన్‌స్పెక్టర్ చెయ్యి ఎత్తి, వదిన ఉందని దించాడు.

"ఎంతసేపున్నాడు?" డిటెక్టివ్ అడిగింది.

"టీ చల్లారేంతసేపు లోపల ఒక్కడే ఉన్నాడు మేడమ్. నేనే తెప్పించాను. బయటికొచ్చి మాస్కు తీసి తాగాడు. పెద్దమనిషే. నా మోకాలినొప్పికి నువ్వులనూనె రాయమని కూడా చెప్పాడు."

"మొహం గుర్తుందా?"

"ఎదురుగా కూర్చుని టీ తాగిన మనిషిని మరిచిపోతానా?"

ఇన్‌స్పెక్టర్ అప్పటికే ఫోన్లో బ్యాటరీలు అమ్మిన దుకాణంతో మాట్లాడుతున్నాడు. రెండు మాటలు విని పెట్టేశాడు. "వాళ్లు ఎవర్నీ పంపలేదు."

డిటెక్టివ్ కాలిన మంచం వైపు తిరిగి నిలబడింది. పెట్టెలో ఫ్యూజు ఎక్కడుందో, ఎంత పొడుగుందో, అది తీస్తే ఏమవుతుందో తెలిసినవాడే కొలత తప్పకుండా రేకు కోసి తేగలడు. అలాంటివాళ్లు ఇద్దరు. ఒకడు బుధవారం పొద్దున లాకప్‌లో ఉన్నాడు. ఇంకొకడు ఈ మంచం మీద కాలిపోయాడు.

కాలిపోయాడని అందరూ అనుకుంటున్నారు.

ఆమె చప్పున వెనక్కి తిరిగింది. "మీ నిందితుడి అక్క ఎక్కడుంది?"

"కోర్టుకు తీసుకెళ్లేముందు తమ్ముణ్ణి చూస్తానని వరండాలో కూర్చుంది. ఎందుకు?"

"పిలిపించు. ఫోన్ తెచ్చుకోమను."

*

ఆమె వచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుంటూ షెడ్డు గుమ్మంలోనే ఆగిపోయింది. లోపలికి చూడటానికి ధైర్యం చాలలేదు.

"మీ తమ్ముడు ఏ తప్పూ చెయ్యలేదమ్మా," అంది డిటెక్టివ్. "ఆ మాట చెప్పేశాను. ఇదంతా ఎవరు చేశారన్న రెండో మాట చెప్పడానికి మీ సాయం కావాలి. మీ ఆయన ఫోటో ఉందా?"

ఆమె ఫోన్ తెరిచి ఇచ్చింది. కొత్త వ్యాను పక్కన నిలబడి తీసుకున్న ఫోటో. నలభై అయిదేళ్ల మనిషి, ఒత్తు మీసం, ఎండకు కళ్లు చికిలించి నవ్వుతున్నాడు. డిటెక్టివ్ ఏమీ అడగకుండా ఫోన్‌ను కానిస్టేబుల్ కళ్లముందు పట్టింది.

"ఆ, ఈయనే," అన్నాడు కానిస్టేబుల్ వెంటనే. "మీసం లేదుగానీ ఈయనే మేడమ్. ఈ ఇంజనీరు మీకు తెలుసా?"

పోయినవాడి భార్య తలుపు చట్రం పట్టుకుంది. ఆమె కళ్లలో మొదట మెరిసింది ఆశ. అది చూసి డిటెక్టివ్‌కు జాలేసింది. ఆ ఆశ ఎంతోసేపు నిలవదు.

"బతికే ఉన్నాడా?" అందామె.

"బుధవారం పొద్దుటికి బతికే ఉన్నాడు. ఇక్కడ టీ తాగాడు. మీ తమ్ముడి మెడకు ఉరి బిగించి వెళ్లాడు."

"మరి నేను... నేను గడియారం చూసి... ఆ వేలికి ఉంగరం..." ఆమె మాట్లాడలేక మంచం వైపు వేలు చూపింది. "ఆయన కాకపోతే వీళ్లు నాకు చూపించింది ఎవర్ని?"

"అది ఇంకా తెలీదు. ఎవరో ఒక తల్లికి కొడుకే. మీవారి గడియారం, ఉంగరం తొడిగించుకుని కాలిపోయాడు."

అప్పుడు ఆ ఇల్లాలు చేసిన పని ఎవరూ ఊహించలేదు. ఏడవలేదు, కేక పెట్టలేదు. గబగబా దగ్గరికొచ్చి డిటెక్టివ్ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మేడమ్, మా అత్తయ్య నిన్నట్నుంచి ఒకటే మాట. 'వాడొచ్చాడే, అన్నం పెట్టాను, తిన్నాడు' అంటోంది. కడుపుకోత కదా, మతి చలించిందనుకున్నాను. మేడమీద గదిలో ఎవరో దగ్గినట్టుంటే కూడా... నా చెవులే అనుకున్నాను."

"ఇప్పుడు ఇంట్లో ఎవరున్నారు?"

"అత్తయ్య ఒక్కతే."

"ఫోన్ చెయ్యండి. రోజూ మాట్లాడినట్టే మాట్లాడండి. ఏమీ తెలియనట్టు."

స్పీకర్ పెట్టింది. అవతల చాలాసేపు మోగింది. చివరికి ముసలిగొంతు పలికింది.

"ఎవరూ?"

"నేనే అత్తయ్యా. మందు వేసుకున్నారా?"

"వేసుకున్నాలే. మెల్లిగా మాట్లాడవే. వాడికి ఇప్పుడే కన్నంటుకుంది." ముసలావిడ గొంతు తగ్గించింది. అందులో సంతోషం దాగడం లేదు. "నీకు చెప్పొద్దన్నాడు. ఇవాళో రేపో వెళ్లిపోతాడట. నువ్వు బెంగపడుతుంటే చూడలేక చెబుతున్నా."

ఇన్‌స్పెక్టర్ జీపు తాళాలు చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడే ఫోన్లో మంచం కిర్రుమంది.

"ఎవరమ్మా అది?"

మగగొంతు. పోయినవాడి భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పదహారేళ్లు కాపురం చేసిన గొంతు.

"నీ పెళ్లామేరా."

అడుగుల చప్పుడు. తర్వాత ఆ గొంతు, ఇంకా దగ్గరగా: "ఎక్కణ్ణుంచి మాట్లాడుతోందో అడుగు."

"ఎక్కడున్నావే?" అంది ముసలావిడ.

డిటెక్టివ్ పెదాలు కదిపి 'బజారు' అని చూపించింది. కోడలు తలూపి, ఊపిరి తీసుకుని నోరు తెరిచింది.

"సార్!" షెడ్డు బయట నుంచి ఎవరో గొంతు చించుకుని అరిచారు. "కోర్టు బండి వచ్చింది సార్! ముద్దాయిని ఎక్కించమంటారా?"

ఫోన్లో ముసలావిడ "అదేంటే, ఎవరా కేకలు..." అంటూనే ఉంది. ఆ మాట మధ్యలో తెగిపోయింది. లైను పోలేదు. ఫోను నేల మీద పడ్డ చప్పుడు, తర్వాత తలుపుకు లోపల్నుంచి గడియ వేసిన చప్పుడు, రెండూ స్పష్టంగా వినిపించాయి. ముసలావిడ ఇంకా లోపలే ఉంది, కొడుకుతో.